బొగ్గుబాయి బూటు... పత్తిచేను చెప్పు

జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఎప్పుడైనా వెళ్తే మనుషుల మొహాలు కాదు, కాళ్లు చూడండి. ఎవరేం పని చేస్తారో అడగక్కర్లేదు. అరిగిన రబ్బరు స్లిప్పరు, టైరు చెప్పు, బురదంటిన గమ్‌బూటు, ముందువైపు ఇనుప టోపీ దాచుకున్న నల్లబూటు... ఒక్కోటీ ఒక్కో బతుకు చెబుతుంది.

మొదట జనగామ పక్కనే ఉన్న పెంబర్తి. ఇత్తడి రేకు మీద సుత్తితో దేవుళ్లనీ లతలనీ పలికించే ఊరు. నిప్పుతో, వేడి లోహంతో చేసే పనికి ఒంటి మీద నూలుబట్టే ఉండాలి. నిప్పురవ్వ పడితే నూలు మాడుతుంది, అంతే. పాలిస్టరైతే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. కమ్మరికీ, వెల్డింగ్ షాపు కుర్రాడికీ ఇదే సూత్రం. మెరిసే సిల్కు చొక్కా ఎంత బాగున్నా పనిలోకి పనికిరాదు.

మానుకోట అని అందరూ ముద్దుగా పిలుచుకునే మహబూబాబాద్ చేరితే మిర్చి ఘాటు పలకరిస్తుంది. ఇక్కడ చేలల్లో కూలికొచ్చే ఆడవాళ్ల వేషం చూసి తీరాలి. చీర మీద ఇంటాయన పాత ఫుల్‌చేతుల చొక్కా, తలకు తువ్వాల. ఏ డిజైనరూ గీయని యూనిఫారం ఇది! మిరప ఘాటు చేతులకంటకుండా, పత్తికాయ మొనలు గీరకుండా, ఎండ కాల్చకుండా వాళ్లకు వాళ్లే కనిపెట్టుకున్న కవచం. లోపమల్లా ఒక్కటే. అది నడుము దాకే కాపాడుతుంది. కాళ్లకు మాత్రం అదే స్లిప్పరు.

అడవి అంచున గంగారం

అక్కడి నుంచి అడవి మొదలవుతుంది. 2016లో కొత్తగూడ నుంచి విడివడి మండలమైంది గంగారం. కోయగూడేలు, పొలాలు, చెట్లు. ఎండాకాలం వస్తే తెల్లవారకముందే తునికాకు కోతకు బయల్దేరతారు. వానాకాలమంతా నాట్లు, కలుపు. అడుగు తీసి అడుగు వేస్తే ముల్లు, మోడు, పొదలో ఏముందో తెలియని భయం.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2000 నుంచి 2019 దాకా మనదేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఓ పెద్ద అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏటా సగటున 58 వేల మంది. ఆ మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణ కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కాట్లలో ఎక్కువ భాగం కాళ్ల మీదే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి... ఏదైనా సరే, పిక్క దాకా వచ్చే మందపాటి బూటు ఉంటే కోర చర్మాన్ని తాకే అవకాశం బాగా తగ్గుతుంది.

మన తాతలకు కాలి సంగతి తెలియక కాదు. తోళ్లను లందలో నానబెట్టి, తంగేడు చెక్కతో ఊనిక చేసి, ఊళ్లోనే కుట్టిచ్చిన కిర్రుచెప్పులు ముళ్లబాటలో ఏళ్లకేళ్లు నడిచేవి. తెగితే కుట్టేవాళ్లు, అరిగితే అట్ట వేసేవాళ్లు. చవక స్లిప్పరు వచ్చాక ఆ లందలూ పోయాయి, ఆ చెప్పులూ పోయాయి.

బాయి దిగాలంటే బూటు ఉండాల్సిందే

అడవి దాటి భూపాలపల్లి వస్తే కథ మారిపోతుంది. ఇది సింగరేణి వారి కాకతీయ ఖని గనుల ఊరు. ఇల్లెందు దగ్గర 1889లో బొగ్గు తవ్వకంతో మొదలైన చరిత్ర గోదావరి లోయంతా పాకి ఇక్కడికీ చేరింది. పక్కనే చెల్పూరులో ఆ బొగ్గుతో నడిచే 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం.

ఇక్కడ షిఫ్టుకి వెళ్లే కార్మికుడి నెత్తిన హెల్మెట్, కాలికి బూటు తప్పనిసరి. అవి లేకుండా బాయి దిగనివ్వరు. అది ఎవరి దయా కాదు, చట్టం. 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు, వాటి స్థానంలో వచ్చిన 2017 నిబంధనలు రక్షణ పాదరక్షలను యాజమాన్యమే ఉచితంగా ఇవ్వాలన్నాయి. 2019లో కేంద్రం భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు ఆడవాళ్లనూ అనుమతించింది. కనుక బూట్ల సైజుల్లోనూ వాళ్లను గుర్తుపెట్టుకోక తప్పదు.

అడవికి అటు పత్తిచేను, ఇటు బొగ్గుబాయి. ఒకరి కాలికి చట్టం కాపలా కాస్తే, మరొకరి కాలికి కాపలా వాళ్ల జేబే!

కొనేముందు ఇవి చూడండి

బరువులు మోసే పని, గని, నిర్మాణం అయితే ముందు ఉక్కుటోపీ ఉన్న బూటు కావాలి. ఐఎస్ఐ మార్కుతో పాటు ఐఎస్ 15298 రెండో భాగం అని ఉందేమో చూడండి. అలాంటి బూటు మొన 200 జౌళ్ల దెబ్బ తట్టుకోవాలి. అంటే 20 కిలోల బరువు దాదాపు మీటరు ఎత్తు నుంచి వేళ్ల మీద పడినా కాపాడాలన్నమాట.

బురదకీ, మందు పిచికారీకీ తోలుబూటు వద్దు. తోలు మందును పీల్చుకుంటుంది. రబ్బరు గమ్‌బూటు మేలు. పిచికారీ చేసేటప్పుడు ప్యాంటు అంచు బూటులోకి దోపకండి, బయటే వదలండి. లేదంటే కారిన మందు నేరుగా బూటులోకి దిగుతుంది.

బూట్లు సాయంత్రం కొనండి. రోజంతా నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది. పనికేసుకునే సాక్సుతోనే తొడిగి చూడండి. బొటనవేలి ముందు కొంచెం ఖాళీ ఉండాలి, మడమ జారకూడదు. చవగ్గా వస్తున్నాయని ఏళ్లుగా అటక మీదున్న సరుకు తీసుకోకండి. పాలీయురెథేన్ సోల్ తేమకి లోలోపలే చివికి, తొడిగిన కొన్నాళ్లకే పొడిపొడిగా రాలిపోతుంది. తడిసిన బూటును పొయ్యి దగ్గర పెట్టకండి. పాత పేపరు ఉండచుట్టి లోపల కుక్కి నీడన ఆరబెట్టండి. ఈ ఆదివారం పేపరు కూడా అందుకు పనికొస్తుంది!

బట్టల్లో మందపాటి నూలు డ్రిల్లు గుడ్డ మేలు. తొడల మధ్య, భుజాల దగ్గర రెండు మూడు వరసల కుట్టు ఉండాలి. యంత్రాల దగ్గర వేలాడే తువ్వాల, వదులు చేతులు ప్రమాదం.

మరి ఫ్యాషన్ సంగతో? దాని గురించి కుర్రాళ్లకు దిగులక్కర్లేదు. ఇవాళ కాలేజీల్లో వెలిగిపోతున్న జీన్స్ పుట్టింది కూలీల కోసమే. జేబులు చిరగకుండా రాగి రివెట్లు కొట్టే ఉపాయానికి అమెరికాలో జేకబ్ డేవిస్ అనే దర్జీ, లెవీ స్ట్రాస్ అనే బట్టల వ్యాపారి 1873లో పేటెంటు తీసుకున్నారు. డంగ్రీ అన్న మాటైతే మన ముంబయిలోని డోంగ్రీ పేరు నుంచే వచ్చింది. గట్టిగా ఉన్నదే తర్వాత అందమైంది.

పండక్కీ పెళ్లికీ కొత్త చెప్పులు కొంటాం. ఏడాదికి నాలుగుసార్లు తొడుగుతాం. అన్నం పెట్టే పనికి మాత్రం తెగిన స్లిప్పరుకి పిన్నీసు పెట్టి సరిపెడతాం. ఈసారి బజారుకెళ్లినప్పుడు వరస కాస్త మార్చి చూడండి. ముందు పని బూటు, ఆపైనే పండగ చెప్పు. అదీ ఇంటాయనకు ఒక్కడికే కాదు... పాత చొక్కా తొడుక్కుని చేనుకెళ్లే ఇల్లాలికి కూడా, ఆవిడ పాదం కొలతకే.