సకుటుంబ సపరివార సమేతంగా... ఓ జీపు!

ఒక సంగతి ముందే ఒప్పేసుకుంటాను. నాకు జీపు పిచ్చి పట్టించింది సినిమాలే!

‘అడవి రాముడు’ 1977లో వచ్చింది. అప్పటికి నేనింకా పుట్టలేదు. రెండో రిలీజులో నేల టికెట్టు కొనుక్కుని చూశాను. ఆ చెట్లూ, ఏనుగులూ, ఫారెస్టు ఆఫీసరు దర్జా చూసి ‘పెద్దయ్యాక నేనూ ఓ జీపు కొని అడవిలో తిరుగుతా’ అని ఇంటర్వెల్లోనే తీర్మానం చేసేశాను. ఆ తర్వాత ‘ఆరాధన’ చూశాను. కొండ మీద బొమ్మ రైలు, దాని పక్కనే పోటీగా జీపు, జీపులో రాజేష్ ఖన్నా, రైలు కిటికీలో షర్మిలా టాగోర్! ఇంకేముంది, పిచ్చి ముదిరింది.

చాలా ఏళ్ల తర్వాత అసలు సంగతి తెలిసింది. ఆ పాట తీసేటప్పుడు షర్మిలా టాగోర్ డార్జిలింగ్ వెళ్లనే లేదట! ఆమె షాట్లు తర్వాత స్టూడియోలో తీసి కలిపారు. తెర మీద పక్కపక్కనే ప్రయాణం చేసిన వాళ్లిద్దరూ ఆ వేళ ఒక్క ఊళ్లోనే లేరన్న మాట. అప్పుడు నవ్వుకున్నాను గానీ, నా జీపు కల కూడా సరిగ్గా అలాంటిదేనని నలభై దాటాక గాని తెలిసిరాలేదు. ఆ కలలో స్టీరింగు ముందు నేనున్నాను. నల్ల కళ్లద్దాలున్నాయి. వెనక సీట్లో ఎవరు కూర్చున్నారో మాత్రం ఎప్పుడూ చూసుకోలేదు!

నిజానికి మా ఇంటికి జీపు కొత్తేమీ కాదు. మా నాన్న ఓ ప్రభుత్వ కార్యాలయంలో జీపు డ్రైవరు. రాజమండ్రి నుంచి వారానికి రెండు మూడు సార్లు ఏజెన్సీ డ్యూటీ పడేది. గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి... తిరిగొచ్చేసరికి జీపు నిండా ఎర్రమట్టి. బకెట్టుతో నీళ్లు పోసి జీపు కడిగేటప్పుడు నన్ను సీటులో కూర్చోబెట్టేవాడు. రాత్రి అన్నం తింటూ ఆ అడవి కబుర్లు చెప్పేవాడు. అమ్మ వడ్డిస్తూ వినేది.

కానీ అమ్మ ఆ జీపు ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎప్పుడైనా అడిగితే, “సర్కారు బండే. అందులో డీజిలూ సర్కారుదే. నీకు మన సొంత జీపులో చూపిస్తాలే” అనేవాడు నాన్న. ఆయన జీతానికి సొంత సైకిలు కొనడమే గొప్ప! 2019లో నాన్న పోయాడు. ఆ మాట అలాగే ఉండిపోయింది.

2024లో నా చేతిలో నాలుగు డబ్బులు కూడాయి. బ్యాంకు అప్పు కూడా వస్తుందన్నారు. “జీపు కొంటున్నాను. అందరం అడవికి వెళ్లి డేరా వేసుకుందాం” అని ఇంట్లో ప్రకటించాను. పిల్లలిద్దరూ గంతులేశారు. మా ఆవిడ అనుమానంగా చూసింది. అమ్మ ఏమీ అనలేదు గాని, ఆ సాయంత్రం మోకాళ్లకి నూనె కాస్త ఎక్కువసేపు రాసుకోవడం నా కంటబడింది.

నా మనసు ముందే ఒకదాని మీద పడిపోయింది. 2020లో కొత్త రూపంతో వచ్చిన మూడు తలుపుల థార్! నేలకీ బండి అడుగుకీ మధ్య 226 మిల్లీమీటర్ల ఎత్తు. 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో కూడా నడుస్తుందని కంపెనీ లెక్క. హీరో ప్రవేశానికి అంతకన్నా ఏం కావాలి? అందర్నీ వెంటబెట్టుకుని షోరూముకి వెళ్లాను.

అక్కడ నా సినిమా మొదటి ఆటకే ఫ్లాపయింది! వెనక సీటుకి వేరే తలుపు లేదు. ముందు సీటు వంచి, ఆ సందులోంచి దూరాలి. పిల్లలు ఉడతల్లా దూరేశారు. అమ్మ ఓ కాలు పైకెత్తి, నా భుజం పట్టుకుని, కాసేపు అలాగే నిలబడి, మెల్లగా కాలు దించేసుకుంది. “మీరెళ్లి రండి నాన్నా. నేను ఇల్లు చూసుకుంటాను” అంది నవ్వుతూనే.

మా ఆవిడ నా చెవిలో, “ఏమండీ, ఇందులో సీట్లు నాలుగే. మనం అయిదుగురం. ఎవర్ని దింపేద్దాం?” అంది.

సరే, ఇంకో బండి చూద్దామన్నాను. 2023 జూన్‌లో అయిదు తలుపుల జిమ్నీ మన దేశంలోకి వచ్చింది. చిన్న బండి, తేలిక బండి. ఏ రకం కొన్నా నాలుగు చక్రాలకీ బలం అందే ఫోర్ బై ఫోర్ ఉంటుంది. నేల నుంచి ఎత్తు 210 మిల్లీమీటర్లు. ఇరుకు దారుల్లో దానికి దీటైనవి తక్కువ. కానీ అదీ నలుగురికే! పైగా వెనక సీట్లు నిలబెట్టి ఉంచితే సామాను చోటు 208 లీటర్లు. డేరా పెడితే దుప్పట్లకి చోటుండదు, దుప్పట్లు పెడితే గిన్నెలకుండదు.

అప్పుడు మా స్నేహితుడొకడు మంచి సలహా ఇచ్చాడు. “ఒరే, కొనేముందు ఓసారి వెళ్లి రా. నా పాత జీపు తీసుకెళ్లు. నీకేం కావాలో అదే చెబుతుంది” అన్నాడు. వాడు సెకండ్ హ్యాండులో కొని, రంగులేయించి, లావుపాటి టైర్లు తొడిగిన జీపది. చూడ్డానికి విలన్ బండిలా భలేగా ఉంటుంది!

ఆ ఆగస్టు చివర్లో బయల్దేరాం. అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టాను. వెనక ఎదురెదురుగా రెండు బెంచీలు, వాటి మీద మా ఆవిడా పిల్లలూ. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. రంపచోడవరం దాటి మలుపులు మొదలయ్యాక తెలిసింది, పక్కకి తిరిగి కూర్చునే బెంచీ అంటే ఏమిటో! చిన్నవాడు రెండు సార్లు వాంతి చేసుకున్నాడు. బెంచీలకి బెల్టులు లేవు. బ్రేకు వేసినప్పుడల్లా మా ఆవిడ ఓ చేత్తో కడ్డీని, ఇంకో చేత్తో పిల్లల్ని పట్టుకుంది. అద్దంలో ఆమె మొహం చూసి నేను నల్ల కళ్లద్దాలు తీసి జేబులో పెట్టేసుకున్నాను.

అసలు ఫైటు సీను తర్వాతుంది. డేరాలు వేసుకునే చోటికి మట్టి దారి. ముందు రోజు వాన. ఓ పల్లంలో బండి దిగబడింది. ‘ఇదిగో నా తడాఖా’ అనుకుంటూ ఫోర్ బై ఫోర్ లివరు లాగాను. ఏమీ జరగలేదు! యాక్సిలరేటరు తొక్కాను. వెనక చక్రం ఒకటి గిరగిరా తిరుగుతూ గుంట తవ్వుకుంటోంది. రెండోది బొమ్మలా నిలబడింది. మామూలు బండ్లలో అంతే. ఒక చక్రం జారితే అదే తిరుగుతుంది, పట్టున్న చక్రం ఊరుకుంటుంది.

అటుగా వచ్చిన ఓ జీపు డ్రైవరు దిగి, కిందకి వంగి చూసి నవ్వాడు. ముందు చక్రాలకి బలం తీసుకెళ్లే షాఫ్టు అసలు లేనే లేదు! మైలేజీ కలిసొస్తుందని పాత యజమాని ఎవరో ఎప్పుడో ఊడదీయించేశాడన్న మాట. లివరుంది, వేషముంది, పని మాత్రం లేదు.

“బాబూ, ఎక్కువ తొక్కకండి, ఇంకా దిగిపోద్ది. ముందు టైర్లలో గాలి తీయండి” అన్నాడతను. 32 ఉన్న గాలిని 20కి దించాడు. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని నేలని ఎక్కువ చోట పట్టుకుంటుందట. చక్రాల కింద రాళ్లూ కొమ్మలూ పెట్టాడు. రెండో గేరులో మెల్లగా వదలమన్నాడు. నలుగురు కుర్రాళ్లు వెనక నుంచి తోశారు. బండి బయటపడింది. డబ్బిస్తానంటే తీసుకోలేదు. “తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ గాలి కొట్టించుకోండి, లేపోతే టైరు వేడెక్కి పాడైపోద్ది” అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు.

ఇంతసేపూ అమ్మ బండిలోనే ఉంది. దిగితే మళ్లీ ఎక్కలేనని! ఆ రాత్రి డేరాలో కాదు, దగ్గర్లో ఓ గదిలో పడుకున్నాం. నాన్న తిరిగిన అడవి అమ్మకి కిటికీలోంచి కొంచెం కనబడింది, అంతే. తెల్లారి తిరుగు ప్రయాణం.

ఇంటికొచ్చాక కాగితం తీసి జాబితా రాసుకున్నాను. ‘పుష్ప’ చూశాక మారేడుమిల్లి ప్రయాణం పెట్టుకున్న కుర్రాళ్లు చాలామందే ఉంటారు. ఆ సినిమా కొంత అక్కడే తీశారు కదా! అందుకే మీ కోసం ఆ జాబితా ఇక్కడ విప్పుతున్నాను.

మొదటిది సీట్ల లెక్క. ఎంతమంది వెళతారో అన్ని సీట్లు. అన్నీ ముందుకి తిరిగినవి, అన్నింటికీ బెల్టులు. రెండోది గడప. బండి ఎంత ఎత్తుంటే రాళ్లకి అంత మంచిది, మోకాళ్లకి అంత చెడ్డది. కొనేముందు ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లి నాలుగు సార్లు ఎక్కించి దింపండి. మూడోది ఫోర్ బై ఫోర్. ఇది నిజంగా అవసరమా అని ముందు మిమ్మల్ని మీరే అడగండి. తారు రోడ్డూ, కంకర దారీ మాత్రమే అయితే ఎత్తున్న మామూలు బండి చాలు, లక్షలు మిగులుతాయి. బురదా, ఇసకా, నిట్టనిలువు దారీ ఉంటేనే అది కావాలి. తీసుకుంటే మాత్రం ‘లో’ గేరు ఉన్నదే తీసుకోండి. గేర్ల సైకిలు మీద గట్టు ఎక్కేటప్పుడు చిన్న గేరు వేస్తామే, అదే సూత్రం. వేగం తగ్గి బలం పెరుగుతుంది. దిగేటప్పుడు కూడా ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు కాలిపోవు. పాత బండి కొంటుంటే కింద దూరి చూడండి, షాఫ్టు ఉందో లేదో!

నాలుగోది సామాను. బరువంతా టాపు మీద కడితే మలుపులో బండి తూలుతుంది. బరువైనవి కిందనే ఉండాలి. అయిదోది మర్యాద. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎంత గొప్ప బండైనా ఉన్న దారి వదిలి చెట్లూ మొక్కలూ తొక్కడానికి కాదు. ఎండిన వాగులో డేరా వేయకండి, పైన ఎక్కడో కురిసిన వాన చెప్పకుండా వచ్చేస్తుంది.

ఈ లెక్కలన్నీ వేసేసరికి నా దగ్గర రెండు పేర్లు మిగిలాయి. ఒకటి 2024లోనే వచ్చిన అయిదు తలుపుల ఫోర్స్ గూర్ఖా. ఏడుగురు పడతారు. పైగా రెండు పక్కల చక్రాల్నీ కలిపి ఒకేలా తిప్పి, పట్టున్న చక్రానికి కూడా బలం అందించే లాకులు ముందూ వెనకా కూడా ఉన్నాయి. అడవికి అదే మొనగాడు! కానీ అమ్మకి ఆ ఎత్తు బొత్తిగా కుదరలేదు. రెండోది అదే ఏడు ఆగస్టులో వచ్చిన థార్ రాక్స్. అయిదు తలుపులు, అయిదు సీట్లు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం పాత థార్ కన్నా 400 మిల్లీమీటర్లు ఎక్కువ. అందువల్ల మిట్ట దాటేటప్పుడు నడుము తగిలే భయమూ కాస్త ఎక్కువే, ఇరుకులో తిప్పడమూ కష్టమే. కానీ వెనక తలుపు నిండుగా తెరుచుకుంటుంది. డీజిలు ఫోర్ బై ఫోర్ తీసుకున్నాను. పక్కన మెట్టు బిగించాం. అదీ చాలకపోతే? మా వంటింటి పీట తెచ్చి డిక్కీలో పడేసింది మా ఆవిడ!

వేల రూపాయల సామాన్లు కొన్నాను. గాలి కొట్టే మిషను, పార, తాడు, బ్యాటరీ దీపం... కానీ అన్నింటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఆ పీటే.

చలికాలంలో మళ్లీ వెళ్లాం. అమ్మ పీట మీద ఓ కాలు, మెట్టు మీద ఓ కాలు వేసి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ముందు సీట్లో కూర్చుంది. రంపచోడవరం దాటాక, “ఇక్కడే కదూ మీ నాన్న బండి ఆగిపోయి రాత్రంతా ఉండిపోయాడు?” అంది. నాకు గుర్తే లేదు. ఆ తర్వాత ప్రతి మలుపుకీ ఆమె దగ్గర ఓ కథ ఉంది. నలభై ఏళ్లు వింటూ దాచుకున్నవి! పిల్లలు ముందుకి వంగి వింటున్నారు. నేను పాటలు ఆపేశాను.

అనుమతి తీసుకున్న చోటే డేరా వేశాం. బొంగులో చికెన్ తిన్నాం. చలికి ముడుచుకుని అందరం ఒక్క చోటే పడుకున్నాం. పొద్దున్నే లేచి చూస్తే అమ్మ డేరాలో లేదు. కంగారుగా బయటికొచ్చాను. పీట మీద కూర్చుని, మంచులో తడిసిన చెట్ల వంక చూస్తోంది. నన్ను చూసి, “మీ నాన్న అబద్ధాలు చెప్పలేదురా. ఇలాగే ఉంటుందనేవాడు” అంది.

జీపు కొనే కుర్రాళ్లకి నా మాట ఒక్కటే. పోస్టర్ల మీద ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అని వేసేవారు చూడండి, షోరూముకి కూడా అలాగే వెళ్లండి. హీరో సీటు ఎలాగూ మీదే, ముందు వెనక సీట్లో కూర్చుని చూడండి!