అష్రఫీకి వెల కట్టిన రోజు

మదరసాలో ‘బైఉస్సర్ఫ్’ అధ్యాయం, అంటే బంగారం, వెండి మారకానికి సంబంధించిన నియమాలు బోధించేటప్పుడు ఖైబర్ హారం హదీసును తప్పక వివరిస్తాను. హజ్రత్ ఫజాలా బిన్ ఉబైద్ (రజి) బంగారమూ పూసలూ కలిసి ఉన్న ఒక హారాన్ని పన్నెండు దీనార్లకు కొన్నారు. విడదీసి చూడగా అందులోని బంగారమే పన్నెండు దీనార్లకు మించి ఉన్నది. సంగతి విన్నవించగా, విడదీయనిదే అటువంటి వస్తువును అమ్మరాదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) సెలవిచ్చారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసు విని పిల్లలు తల ఊపుతారు. వారిలో ఎవరూ దీనారును చూసి ఉండరు. నేనూ చూడలేదు. అయితే గత సంవత్సరం షాబాన్ మాసంలో ఒక అష్రఫీని చేతిలోకి తీసుకొని చూడవలసి వచ్చింది.

మా బస్తీలో ఒక పెద్దామె మరణించారు. భర్త, తల్లిదండ్రులు అంతకుముందే గతించారు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. సూరయె నిసా ప్రకారం ఆస్తి అయిదు వాటాలు: కొడుకులకు రెండేసి, కూతురికి ఒకటి. ఇంటి సంగతి సులువుగానే తేలింది. మిగిలింది ఒక అష్రఫీ. పెద్దకొడుకు నా వద్దకు వచ్చి, “మౌల్వీసాబ్, కంసాలి తూచి, తరుగు తీసి వెల కట్టాడు. అమ్మీ గుర్తుగా నేనే ఉంచుకుంటాను. తమ్ముడికి డబ్బు ఇస్తాను. చెల్లెలికి వచ్చే నెల కమ్మలు చేయిస్తాను” అన్నాడు. చెల్లెలు బట్టలు కుట్టి సంసారం నెట్టుకొస్తున్నది. “భాయిజాన్ ఎలా అంటే అలా” అని తల దించుకున్నది. ఆడపడుచు మౌనాన్ని అంగీకారంగా రాసుకోవడం మన ఇళ్లలో మరీ సులువైపోయింది.

కమ్మల ప్రతిపాదన చెల్లదని అక్కడే చెప్పాను. బంగారానికి బంగారం ఇచ్చేటప్పుడు తూకం సమానంగా ఉండాలి, ఇచ్చిపుచ్చుకోవడం ఆ కూర్చున్న చోటే ముగియాలి. వచ్చే నెల కమ్మలంటే అది వడ్డీ వాకిట్లోకి అడుగు పెట్టడమే. రూపాయల్లో ఇస్తే ఆ చిక్కు లేదు. అయితే ఎన్ని రూపాయలు? దీనికి జవాబు ఫిఖ్హ్ గ్రంథాలలో దొరకదు. నాణేల విషయం ఎరిగినవారిని అడగాలి. అన్నదమ్ములిద్దరినీ వెంటబెట్టుకొని, హైదరాబాదులో నలభై ఏళ్లుగా నాణేలు సేకరిస్తున్న ఒక పెద్దమనిషి ఇంటికి వెళ్లాము.

ఆయన ముందుగా నాణెం చదవమన్నారు. ఫార్సీ లిపి కనుక ఆ పని నాది. ఒకవైపు చార్మినార్. దాని ద్వారంలో ‘ఐన్’ అక్షరం. ఉస్మాన్ అలీఖాన్ పేరులోని మొదటి అక్షరమది. ఆయన తండ్రి మహబూబ్ అలీఖాన్ నాణేలపై అదే చోట ‘మీమ్’ ఉంటుందట. చుట్టూ నిజాముల్ ముల్క్ బిరుదులు, 92 అనే అంకె. అబ్జద్ లెక్కలో మీమ్ 40, హే 8, మీమ్ 40, దాల్ 4 కలిపితే వచ్చేది ‘ముహమ్మద్’ అనే శుభనామం. తరతరాలుగా ఈ నాణేలను బీరువాలలో దాచుకున్న మన కుటుంబాలలో ఈ అంకె అర్థం తెలిసినవారెందరో!

హిజ్రీ 1340 అని ఒకవైపు, ఏలుబడి సంవత్సరం 11 అని మరోవైపు ఉన్నాయి. ఉస్మాన్ అలీఖాన్ 1329 రమజానులో గద్దెనెక్కారు. కాబట్టి హిజ్రీ సంవత్సరంలోంచి ఏలుబడి సంవత్సరం తీసివేస్తే 1329 గాని 1328 గాని రావాలి. రాకపోతే అనుమానించవలసిందే. నకిలీలు పోసేవారు ఇక్కడే దొరికిపోతారని ఆయన నవ్వారు.

తరువాత తూకం. పూర్తి అష్రఫీ 11.178 గ్రాములు, అందులో వెయ్యింట 910 వంతులు మేలిమి. అంటే సుమారు 10.17 గ్రాముల మేలిమి బంగారం. ఈ నాణెం 11.15 తూగింది. చేతులు మారి అరిగిన నాణేనికి అది సహజమే. గీటురాయి వాడలేదు. ఆ రాయి పైపొరను మాత్రమే చెబుతుంది, పైగా నాణెం మీద గీత మిగులుతుంది. కంసాలి అంచున గీయబోతే తమ్ముడే వారించాడట, మంచిపని చేశాడు. పెద్దమనిషి నాణేన్ని సన్నని దారంతో కట్టి నీటిలో వేలాడదీసి మళ్లీ తూచారు. 0.63 గ్రాము తగ్గింది. 11.15ను దానితో భాగిస్తే 17.7 వచ్చింది. ఈ మేలిమి బంగారానికి తగిన సాంద్రతే అది. లోపల వెండి ఉండి పైన పూత ఉంటే గ్రాముకు పైగా తగ్గేది. హిజ్రీ 515లో అల్ ఖాజినీ రాసిన ‘మీజానుల్ హిక్మ’ అనే గ్రంథం ఈ నీటి తక్కెడ గురించినదే. పేరు నేను చదువుకునే రోజులనుంచి ఎరుగుదును. పని చేయడం ఆ రోజే చూశాను.

ఇక స్థాయి నిర్ణయం. భూతద్దం పెట్టి మినార్ల కొనలు, ‘ఐన్’ వంపు, అంచు చూశారు. ముందుగా అరిగేవి ఎత్తుగా ఉన్న భాగాలే. ఇక్కడ అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. కాని పైఅంచున ఒకప్పుడు హారంలో గుచ్చడానికి కొక్కెం అతికి, తరువాత తీసి ఆకురాయితో రుద్దిన గుర్తు కనిపించింది. నా ముందు పెట్టాలని పెద్దకోడలు చింతపండుతో తోమడం వల్ల సన్నని గీతలూ పడ్డాయి. పాత నాణేన్ని తోమకూడదు, అలాగే ఉంచాలి. ఈ రెండు లోపాలూ లేకపోతే సేకరణదారులు చాలా ఎక్కువ ఇచ్చేవారట. అయినా కంసాలి చెప్పిన దానికంటే, వట్టి బంగారం వెలకంటే కూడా పైనే పలుకుతుందని కాగితం మీద రెండు అంకెలు రాసిచ్చారు. నాణేనికి అసలు తరుగు తీయడమేమిటని విసుక్కున్నారు. రియాద్‌లో ఉంటున్న తమ్ముడు అక్కడి స్నేహితులకు చూపుతానంటే వద్దన్నారు. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం కింద పురావస్తువు, దేశం దాటించరాదు.

తిరుగు ప్రయాణంలో పెద్దవాడు, “నేను అమ్మడం లేదు కదా మౌల్వీసాబ్, సేకరణదారుల ధర నాకెందుకు?” అన్నాడు. అతని బాధ నాకు అర్థమైంది. తల్లి మెడలో చూసిన వస్తువును తానే కొనుక్కోవలసి రావడం కష్టమే. కాని అతడు కొంటున్నది తల్లి జ్ఞాపకాన్ని కాదు, తోబుట్టువుల వాటాలను. విలువ తెలిసిన తరువాత చెల్లెలు మనస్ఫూర్తిగా వదులుకుంటే అది ఆమె ఔదార్యం. తెలియనివ్వకుండా పుచ్చుకుంటే అది వేరు. నేనింకా మాట్లాడుతుండగానే తమ్ముడు, “భాయిజాన్, తక్కువ ధరకైతే నాకివ్వండి, పై ధరకు నేను తీసుకుంటాను” అన్నాడు. ఆపై వాదన జరగలేదు.

మరునాడు అసర్ నమాజు తరువాత చెల్లెలి ముందు రెండు అంకెలూ చదివి వినిపించాను. ఏది తీసుకుంటావమ్మా అని అడిగితే, ఈసారి తల ఎత్తి, “పెద్దదే” అన్నది. అయిదో వంతు అక్కడే లెక్కపెట్టి ఇచ్చారు. తమ్ముడి రెండు వంతులూ అప్పుడే ముట్టాయి.

గడప దాటుతూ పెద్దవాడు ఆగి, ఈ అష్రఫీకి ఇక జకాత్ కూడా తానే ఇవ్వాలా అని అడిగాడు. బంగారం నిసాబ్ 87.48 గ్రాములు, ఈ ఒక్క నాణెం అంతకు చాలదు. అయితే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఇంట్లోని వెండినీ నగదునూ దీనితో కలిపి చూడాలి. వాటన్నిటి లెక్క రాసుకొని రమజానుకు ముందే రమ్మన్నాను.