ఆమరి అడవిలో విమానాల తోకలు

ఎస్తోనియా రాజధాని టాలిన్ నుంచి నైరుతి దిక్కుగా 40 కిలోమీటర్లు వెళితే ఆమరి. కేయిలా ఊరు దాటాక రోడ్డుకు రెండు వైపులా పైన్ చెట్లే. అద్దెకారు నడుపుతున్న పెద్దాయన ఒక చోట బండి ఆపి, "వైమానిక స్థావరం లోపలికి మనల్ని పోనివ్వరు. ముందు ఇది చూడండి" అన్నారు.

చెట్ల నీడన చిన్న శ్మశానం. కొన్ని సమాధుల మీద రాళ్లకు బదులు యుద్ధవిమానాల తోకరెక్కలు నిలబెట్టారు. ఒకదాని మీద చెయ్యి వేశాను. చల్లటి లోహం, అంచు వెంట వరసగా రివెట్లు, పెచ్చులూడిన రంగులో ఎర్ర నక్షత్రం. దాని అడుగున ఎవరో ఉంచిన ప్లాస్టిక్ పూలు. ఆ సమాధుల్లో ఉన్నది సోవియట్ కాలంలో ఇక్కడ పనిచేసిన పైలట్లు.

"నా చిన్నప్పుడు పుట్టగొడుగులు ఏరుకోవడానికి కూడా ఈ చుట్టుపక్కలకి రానిచ్చేవాళ్లు కాదు" అన్నారు పెద్దాయన. ఎస్తోనియాను సోవియట్ యూనియన్ 1940లో ఆక్రమించుకుంది. 1991 ఆగస్టు 20న దేశం మళ్లీ స్వతంత్రమైంది. ఆఖరి రష్యన్ దళాలు కదలడానికి మాత్రం 1994 ఆగస్టు 31 దాకా పట్టింది. ఆ సైన్యం వెళ్లిపోయింది, సమాధులు ఉండిపోయాయి. వాటిని ఎవరూ పెకలించలేదు. అది చూసి నా మనసు నిండిపోయింది.

అదే 1994లో ఎస్తోనియా తన వైమానిక దళాన్ని తిరిగి నిలబెట్టుకుంది. దేశ జనాభా 13 లక్షల పైచిలుకు, మన విశాఖ నగరం కన్నా తక్కువ. సొంత ఫైటర్ జెట్ ఒక్కటీ లేదు. వాళ్ల అసలు బలం కళ్లు. కెల్లావెరె కొండ మీద, ముహు దీవిలో రాడార్లు పగలూ రాత్రీ ఆకాశాన్ని గాలిస్తుంటాయి. సెయింట్ పీటర్స్‌బర్గ్, కాలినిన్‌గ్రాడ్ మధ్య తిరిగే రష్యన్ సైనిక విమానాలు చాలాసార్లు తమ ఉనికిని తెలిపే ట్రాన్స్‌పాండర్ ఆపేసి, ఎటు పోతున్నాయో ముందుగా చెప్పకుండా ఎగురుతాయి. వాటి జాడ పట్టడం వీళ్ల పని. ఎదురెళ్లే పని మిత్రదేశాలది. 2004లో నాటోలో చేరిన నాటి నుంచి సభ్యదేశాలు వంతులవారీగా బాల్టిక్ గగనతలాన్ని కాస్తున్నాయి. 2014 నుంచి ఆమరిలోనూ ఆ దేశాల జెట్లు ఉంటున్నాయి.

మేం స్థావరం కంచె దగ్గరికి చేరేసరికి రెండు జెట్లు లేచాయి. ఛాతీలో దడ పుట్టించే చప్పుడు. పెద్దాయన టోపీ తీసి, అవి మబ్బుల్లో కలిసేదాకా చూస్తూ నిలబడ్డారు.

ఆ కాపలా ఎందుకో చెప్పడానికి ఒక్క రోజు చాలు. 2025 సెప్టెంబరు 19న మూడు రష్యన్ మిగ్-31లు వైండ్లో దీవి దగ్గర ఎస్తోనియా గగనతలంలోకి చొరబడి 12 నిమిషాలు ఉన్నాయి. వాటికి ఎదురెళ్లినవి ఇక్కడ మోహరించిన ఇటలీ ఎఫ్-35లు.

టాలిన్ వెళ్లే తెలుగువాళ్లకు నాదొక మాట. పాత నగరం మాత్రమే చూసి వెనక్కి రాకండి. ఒక పూట ఆమరికి కేటాయించండి. తన గడ్డను ఆక్రమించిన సైన్యంలోని మనుషుల సమాధులను ఉండనిచ్చి, తన ఆకాశంలోకి మాత్రం మళ్లీ ఎవరినీ చొరబడనివ్వనని కాపు కాస్తున్న చిన్న దేశం అక్కడ కనిపిస్తుంది.