చెకుముకి నిప్పును, కొల్లేటి నీరును

తాడేపల్లిగూడెమున రైలెక్కి ఏలూరికి పోవునప్పుడు దక్షిణపు వైపు కిటికీకడ కూర్చుండుట మేలు. పూళ్ల, భీమడోలు దాటినకొలదిని నేల పల్లమగుచు వరిచేలును, చేపల చెరువులును కనబడును. ఆ పల్లమున కావల కొల్లేరు. నేటి యాత్రికులు కైకలూరు చెంతనున్న ఆటపాకలో గూడబాతులను చూచుటకు వత్తురు. 1759వ సంవత్సరమున ఈ సీమ గుండ నడచినవారు పక్షులకొరకు వచ్చినవారు కారు.

1758 డిసెంబరు 7వ తేదీన చందుర్తికడ ఫ్రెంచివారిని ఓడించిన ఆంగ్ల సేనాని ఫోర్డు, విజయనగర ప్రభువు ఆనందరాజుతో కూడి రాజమహేంద్రవరము మీదుగా ఏలూరు చేరెను. రాజుగారు ఇచ్చెదనన్న సొమ్ము అందుట ఆలస్యమగుటచే త్రోవలో చాల దినములు వ్యర్థమయ్యెను. మార్చి నెలలో ఆ సేన మచిలీపట్నమునకు కదలెను. భటుల భుజములపై చెకుముకి తుపాకులు. గుఱ్ఱపు సర్దారుల జీనులయందు అదే యంత్రముగల పిస్తోళ్లు.

ఆ కాలపు పిస్తోలు, అందును డెన్మార్కు సైన్యమునకై చేసినది దొరికినచో, పాతవస్తువులు కూర్చువారు మిక్కిలి మురిసిపోవుదురు. డేనులు మనవారికి తెలియనివారు కారు. 1620లో తంజావూరు నేలిన రఘునాథ నాయకుడు, తాను తెలుగు కవియు నైన ప్రభువు, వారికి తరంగంబాడిలో కోట కట్టుకొన ననుమతించెను. ఆ శతాబ్దముననే వారు మచిలీపట్నమున గూడ వర్తకము నడపిరి. 1845లో తరంగంబాడిని ఆంగ్లేయులకు అమ్మివేసిరి.

ఆ పిస్తోలు పనితనము మన యిండ్లలోని పాత చెకుముకి పనితనమే. అగ్గిపెట్టెలు రాకమునుపు మన ముత్తవ్వలు ఉక్కుముక్కతో రాయిని కొట్టి, దూదిపై రవ్వ రాల్చి పొయ్యి రాజవేసెడివారు గదా! ఇందు రాయిని కఱచి పట్టిన సుత్తి, మీట నొక్కగానే ఉక్కురేకును రాచుకొనును. రవ్వలు చిన్న పళ్లెములోని మందుపై రాలును. ఆ మంట సన్నని రంధ్రము గుండ గొట్టములోనికి పోయి గుండును తోలును. ఒక్కమారు ప్రేలినపిదప మరల దట్టించువరకు అది కఱ్ఱముక్కయే. తిరగవేసి పిడితో మోదుట యొక్కటే మిగులును.

సురేకారము, గంధకము, బొగ్గు కలిపిన ఆ మందునకు తేమయే పగ. వానకాలమున ఆవకాయజాడీకి వాసెన కట్టు గృహిణికి ఈ చిక్కు వేఱుగ చెప్పనక్కఱలేదు. మచిలీపట్నపు కోటచుట్టును ఉప్పుబురద. ఏప్రిలు 7వ తేదీ రాత్రి ఫోర్డు భటులు ఆ బురదలో దిగబడుచు పోయి గోడలెక్కిరి. తెల్లవారునప్పటికి కోట వారిదయ్యెను. 1766 నాటి ఒడంబడికతో ఏలూరు సర్కారును ఆంగ్లేయుల పాలయ్యెను.

ఇత్తడి తొడుగుల నగిషీని మెచ్చువారు, అది యెవరిపై గురిపెట్టబడెనో అడుగుట తక్కువ. ఐరోపా తుపాకులు ఆఫ్రికా తీరమున మనుష్యులను బానిసలుగ కొనుటకు వెలగా చెల్లినవి. పశ్చిమాఫ్రికాలో నాటు తుపాకికి డేను తుపాకి యను పేరు నేటికిని నిలిచియున్నది.

సోదరీమణులారా, మీ యటకపై పాతపెట్టెలో ఇట్టిది దొరికినచో మీట నొక్కి చూడకుడు. లోపల మందు మిగిలియుండవచ్చును. పిల్లలకు అందనీయక తెలిసినవారికి చూపుడు. బాగుచేసినను ప్రేలనేరని పాత ఆయుధమునకు 1959 నాటి ఆయుధ చట్టము అడ్డుచెప్పదు. ప్రేలగలదైనచో సంగతి వేఱు. నూఱేండ్లు నిండిన పురావస్తువును విదేశములకు పంపుటను 1972 నాటి చట్టము నిషేధించినది.

కొల్లేటి సీమకు యుద్ధము ఫోర్డుతో వచ్చినది కాదు. పెద్దింట్లమ్మ వెలసిన కొల్లేటికోటలో పూర్వము గజపతి కోట యుండెనట. నీరే దానికి ప్రాకారము. శత్రువులు ఒడ్డున చిగురుకోటకడ దిగి, నీటిని తీసివేయుటకు ఉప్పుటేటిని త్రవ్వించిరట. అంతట కోటలోని సేనాని జయమునకై తన కూతును బలి యిచ్చెనని కథ. ఆ కాలువకు పేరంటాల కనుమ యను పేరు అందువలననే వచ్చినదందురు. నేను విన్న కథలో గజపతి పేరు కలదు, కోట పేరు కలదు. ఆ పిల్ల పేరు లేదు. ఉప్పుటేరు నేటికిని కొల్లేటి నీటిని సముద్రమునకు చేర్చుచున్నది.