కొడైకెనాల్‌లో కొనేముందు

2024 మే 19
ఘాట్ రోడ్డు మొదట్లో ఈ-పాస్ చూపించి కొండెక్కాం. హైకోర్టు ఆదేశంతో ఈ నెల 7 నుంచి బయటి బండ్లకి అది తప్పనిసరి. మా నెల్లూరు రోహిణి ఎండల భయం లేకుండా, ఏడువేల అడుగుల ఎత్తున సాయంత్రానికే స్వెట్టర్లు బయటికి తీశాం. "సరస్సు కనపడేచోట సొంతిల్లు ఉండాల్సిందే," అన్నారు మావారు. నాకూ ఆశే. కానీ ఒక వానాకాలం, ఒక చలికాలం అద్దెకుండి చూశాకే కొందామన్నాను. ఒప్పుకున్నారు.

జూలై 7
పొద్దున్నే సరస్సు చుట్టూ నడిచాం. ఇది సహజంగా ఏర్పడింది కాదు. 1863లో వేర్ లెవింజ్ అనే బ్రిటిష్ అధికారి వాగులకు అడ్డుకట్ట వేయించి నిలిపిన నీరు. ఇంత అందం మనిషి చేతిమీదుగా వచ్చిందంటే ఆ మనిషికి దండం పెట్టాలనిపించింది.

మాకు ఇల్లు అద్దెకిచ్చినావిడ ఒక్కటే అడిగింది: "స్థలం చూశారు సరే, నీళ్ళెక్కడివో కనుక్కున్నారామ్మా?" ఊరికి నీళ్ళు అబ్జర్వేటరీ, మనోరంజితం రిజర్వాయర్ల నుంచి వస్తాయి. వేసవిలో జనం పోటెత్తినప్పుడు చాలవు. ట్యాంకరు కొనుక్కోవాలి. సరస్సు ఎదురుగా ఉన్నంత మాత్రాన కుళాయిలో నీళ్ళు రావు.

అక్టోబర్ 27
నెల్లూరును ముంచే ఈశాన్య రుతుపవనాలే ఇక్కడా అసలు వానలు. ఎడతెగని ముసురు. బీరువాలో నా పట్టుచీరలకు బూజు పట్టింది. బ్రోకరు మొన్న చూపించిన స్థలానికి గొడుగేసుకుని వెళ్ళాం. కొండవాలును నిలువునా చెక్కి చదును చేసిన జాగా. ఎర్రమట్టి రోడ్డు మీదికి జారి ఉంది, పక్కవాళ్ళ రక్షణగోడ బీట తీసింది. ఆయన చాలాసేపు చూసి, "వద్దులే," అన్నారు.

సరస్సు బాగా కనపడేది వాలు మీదినుంచే, వానకు మొదట జారేదీ వాలే. అనుమతుల సంగతి ఇంకా పెద్దది. 2019లో కోర్టు ఆదేశాలతో అనుమతి లేని హోటళ్ళు, కాటేజీలు వందల్లో సీలు పడ్డాయి. పట్టా, ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే పత్రం) ఉంటే చాలదు. కట్టడానికి అనుమతి ఇచ్చిన అసలు ప్లాను కళ్ళతో చూడాలి.

2025 జనవరి 12
తెల్లవారుజామున గడ్డి మీద మంచు గడ్డకట్టింది. రాత్రి అడవిదున్న పెరట్లోకొచ్చి క్యారెట్ మడి తొక్కేసింది. ఆయన గుండె పరీక్షకు మదురై వెళ్ళొచ్చాం. దిగడానికే మూడు గంటలు దాటింది. డెబ్బై ఏళ్ళ మనిషితో ఇక్కడ ఉండాలంటే మొదట ఆలోచించాల్సింది ఈ దూరమే. అమ్మాయి ఫోన్లో, "అమ్మా, నాన్నకి రాత్రిపూట ఏదైనా అయితే?" అంటే వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

అయినా ఈ ఊరి మీద ప్రేమ తగ్గలేదు. సరస్సు కనపడకపోయినా ఫరవాలేదు. బజారుకూ ఆస్పత్రికీ నడిచి వెళ్ళేంత దగ్గర్లో, చదును నేల మీదున్న పాత రాతి ఇల్లొకటి చూశాం. ప్లాను, ఈసీ లాయరుకిచ్చాం. లాయరు సరేనన్నాకే అడ్వాన్సు. అప్పటిదాకా అద్దెకే ఉంటాం.