పోర్టు ఖరాబు కాలేదు, నేనే పెట్టడం మర్చిపోయిన



పోస్టు కొంచెం పొడుగుంటది. కంప్యూటర్ బ్రాంచి తీసుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం తప్పక చదవండి. నాకు తెలవక చేసిన ఒక పనికి ఇంట్ల అప్పు అయ్యేది. కొద్దిల తప్పింది.

నేను బీటెక్ మూడో సంవత్సరం. మా ఇంట్ల కాలేజీకి వచ్చింది నేనే మొదలు. నా లాప్‌టాప్ సెకండ్ హ్యాండ్‌ది, పోయినేడు పత్తి పైసలతోటి బాపు కొనిచ్చిండు. దానికి వైఫై మొదట్నుంచే పనిచెయ్యదు. ఫోన్‌ను కేబుల్‌తోటి పెట్టి, యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేసి నెట్ వాడుకుంట.

ఈ సెమిస్టర్‌ల ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ ఉంది. లినక్స్ కెర్నల్‌ను సొంతంగా కంపైల్ చేసి, దాంతోనే కంప్యూటర్ ఆన్ చేసి చూపెట్టాలె. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటిది. 1991ల లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి మొదలుపెట్టిండు. అప్పుడు ఆయనకు 21 ఏండ్లు, అంటే నాకంటె ఒక్క ఏడాదే పెద్ద. ఇప్పుడు దాని కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. పైసా కట్టే పని లేదు.

ఆ కోడ్‌ల వేల ఆప్షన్లు ఉంటయి. ఒక్కోదానికి మనం జవాబు చెప్పాలె. చాలా వాటికి మూడు జవాబులు: వై, ఎం, ఎన్. నాకు క్లాసుల అర్థం కాలేదు, హాస్టల్ ట్రంకు పెట్టెతోటి పోల్చుకుంటే అర్థమైంది. వై అంటే ఒంటి మీద వేసుకున్న బట్టలు. కెర్నల్‌లనే కలిసిపోయి ఎప్పుడూ ఉంటయి. ఎం అంటే పెట్టెల పెట్టుకున్న బట్టలు. విడిగా తయారై డిస్క్‌ల ఉంటయి, అవసరం వచ్చినప్పుడు తీస్తం. వీటినే మాడ్యూల్స్ అంటరు. ఎన్ అంటే ఇంటికాడ వదిలేసి వచ్చినవి. హాస్టల్‌కు వచ్చినంక ఎంత వెతికినా దొరకవు, ఎందుకంటే అవి తయారే కాలేదు.

ఈ జవాబులన్నీ డాట్ కాన్ఫిగ్ అనే ఒక ఫైల్‌ల రాసి ఉంటయి. ప్రతి ఫోల్డర్‌ల ఉండే మేక్‌ఫైల్ దాన్ని చూసి, వై అని ఉన్న కోడ్‌ను కెర్నల్‌ల కలుపుతది, ఎం ఉన్నదాన్ని విడి ఫైల్‌గా చేస్తది, ఎన్ ఉన్నదాన్ని ముట్టనే ముట్టదు.

ఇంకొక మాట. డిస్క్‌ను చదివే డ్రైవర్‌నే ఎం పెట్టినమనుకోండి, అది డిస్క్‌లనే ఉంటది. తాళంచెవి పెట్టె లోపల పెట్టి తాళం వేసినట్టు. అందుకే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అని ఒక చిన్న మూట ముందుగాల లోడ్ అయితది. మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి అన్నమాట.

మొదట నా ఉబుంటుల ఉన్న కాన్ఫిగ్‌నే కాపీ చేసి కంపైల్ పెట్టిన. అది లోకంల ఉన్న అన్ని రకాల కంప్యూటర్లకు పనిచెయ్యాలని చేసిన కాన్ఫిగ్, అందుకే వేల మాడ్యూల్స్ ఉంటయి. రాత్రి పెడితే తెల్లారేసరికి డిస్క్ నిండిపోయి ఆగిపోయింది. క్లాస్‌మేట్ ఒకడు "మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ కొట్టు, గంటల అయిపోతది" అన్నడు. ఆ కమాండ్ ఏం చేస్తదంటే, ఇప్పుడు ఈ కంప్యూటర్‌ల ఏ మాడ్యూల్స్ లోడ్ అయి ఉన్నయో చూసి, అవి ఉంచి మిగతా మాడ్యూల్స్ తీసేస్తది. తెల్లారి లాప్‌టాప్ ఆన్ చేసి అదే కొట్టిన. నిజంగనే గంటన్నరల అయిపోయింది.

కెర్నల్ పేరు చివర మనకు నచ్చిన మాట పెట్టుకునే ఆప్షన్ కూడా ఉంది. నేను మా ఊరి పేరు పెట్టిన. ల్యాబ్‌ల స్క్రీన్ మీద ఆ పేరు పడ్డప్పుడు, వానాకాలం బస్సు కూడా రాని మా ఊరు అక్కడ కనబడ్డప్పుడు, ఏమనిపించిందో రాయలేను. సార్ మార్కులు మంచిగనే వేసిండు.

మూడు రోజులైనంక నెట్ కోసం ఫోన్ పెట్టిన. టెథరింగ్ రాలేదు. పెన్‌డ్రైవ్ పెట్టిన, అదీ రాలేదు. దుకాణానికి తీసుకుపోతే "వైఫై లేదు, యూఎస్‌బీ లేదు, బోర్డు పోయింది, 3500 అయితది" అన్నరు. ఇంటికి ఫోన్ చేసిన. బాపు ఒక నిమిషం ఏం అనలేదు. "సరే బిడ్డా, సేటును అడుగుత" అన్నడు. సేటు దగ్గర పైసలు తెస్తే ఏమైతదో మీకు చెప్పే పని లేదు. పత్తి ఆయనకే పొయ్యాలె, ఆయన చెప్పిన ధరకే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన గ్రూపుల ఉన్న ఒక సీనియర్ అక్కకు మెసేజ్ పెట్టిన. అక్క రెండే ప్రశ్నలు అడిగింది. "లాప్‌టాప్‌కు పెడితే ఫోన్ చార్జింగ్ ఎక్కుతుందా?" ఎక్కుతుంది అక్కా. "ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టు, ఫోన్ పేరు వస్తుందా?" వచ్చింది. "పోర్టు మంచిగుంది తమ్ముడూ. డ్రైవర్ లేదు. రీస్టార్ట్ చేసి గ్రబ్ మెనూల అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కు పోయి పాత కెర్నల్ ఎంచుకో." ఎంచుకున్న. నెట్ వచ్చింది. పెన్‌డ్రైవ్ కూడా వచ్చింది.

అప్పుడు అర్థమైంది. నేను ఆ కమాండ్ కొట్టిన పొద్దున ఫోన్ గోడ ప్లగ్గుకు చార్జింగ్‌ల ఉంది, పెన్‌డ్రైవ్ సంచిల ఉంది. వాటి మాడ్యూల్స్ లోడ్ కాలేదు. లెక్క తీసినప్పుడు ఎదురుగ లేవు, అందుకే లిస్టుల లేకుంట పోయినయి.

తెల్లారి నాలుగున్నరకు బాపుకు ఫోన్ చేసిన. "సేటు దగ్గరికి పోకు. ఏం ఖరాబు కాలేదు, నేనే ఒకటి పెట్టడం మర్చిపోయిన" అన్న. బాపు నవ్విండు. "మర్చిపోయింది దొరికింది కదా, ఇంక పండుకో" అన్నడు.

తర్వాత కూర్చుని సరిచేసిన. మేక్ మెనూకాన్ఫిగ్ కొట్టి, స్లాష్ నొక్కి ఆర్‌ఎన్‌డీఐఎస్ అని వెతికిన. ఆండ్రాయిడ్ ఫోన్ టెథరింగ్‌కు ఎక్కువగా వాడే డ్రైవర్ అదే. అది యూఎస్‌బీ యూజ్‌బీనెట్ అనే ఇంకొక ఆప్షన్ మీద ఆధారపడి ఉంది. ఆ పెద్దది ఆన్ చేస్తేనే ఈ చిన్నది మెనూల కనబడుతది. రెండూ ఎం పెట్టి, యూఎస్‌బీ స్టోరేజ్ కూడా ఎం పెట్టి మళ్లా కంపైల్ చేస్తే కొద్దిసేపట్లనే అయిపోయింది, మారినదాన్నే మళ్లా తయారుచేస్తది కాబట్టి.

పాత డాట్ కాన్ఫిగ్ తెరిచి చూస్తే ఒక సంగతి కనబడ్డది. యూజ్‌బీనెట్‌కు "సెట్ చెయ్యలేదు" అనే అర్థంల ఒక లైన్ ఉంది. ఆర్‌ఎన్‌డీఐఎస్‌కు మాత్రం ఏ లైనూ లేదు. అంటే లేకపోవుడు రెండు రకాలు. అడిగి వద్దన్నదానికి ఒక లైన్ ఉంటది. అసలు అడగనిదానికి ఆ లైన్ కూడా ఉండదు.

నాకు హాస్టల్ అడ్మిషన్ ఫారం యాదికొచ్చింది. మాతృభాష అని ఉన్నకాడ తెలుగు, హిందీ, ఉర్దూ, ఇతర. మా ఇంట్ల గోండి మాట్లాడుతం. నేను "ఇతర"కు టిక్కు పెట్టిన. ఎవరో పగబట్టి తీసేసిన్రని నేను అనను. లిస్టు తయారుచేసిననాడు మనోళ్లు అక్కడ లేరు, అంతే. అదే గుంజాల గోండి లిపి 2018ల యూనికోడ్‌ల చేరింది. ఎవరో పట్టుబట్టి ఒక్కొక్క అక్షరం లెక్కగట్టి, ఇది కూడా ఉంది అని చూపెట్టబట్టే చేరింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ కొట్టేముందు మీరు వాడే ఫోన్, పెన్‌డ్రైవ్, మౌస్, ప్రింటర్ అన్నీ ఒక్కసారి పెట్టి చూసుకోండి. పాత కెర్నల్‌ను ఎప్పుడూ తీసెయ్యకండి. దుకాణపోళ్లు బోర్డు పోయింది అంటే, ఇంటికి ఫోన్ చేసేముందు గ్రూపుల ఒక్కసారి అడగండి. అర్ధరాత్రైనా సరే. నాకు అక్క చెప్పింది, మీకు నేను చెప్త.