పంటి సలుపు, అడ్డపొగ, మన తల్లులు

ప్రసంగి గ్రంథము 12వ అధ్యాయము చదివినప్పుడెల్లా మా ప్రాంతపు పెద్దలు మాకు జ్ఞాపకము వస్తారు. ముసలితనమును వర్ణిస్తూ జ్ఞాని అక్కడ తిరగలి పనివారి ప్రస్తావన తెచ్చాడు. ఆ పనివారు మన పళ్లేనని వేదపండితులు అనేకులు అర్థము చెబుతారు. తిరగలి విసిరిన తల్లులున్న మన పల్లెలలో ఈ పోలికను విడమర్చనక్కర లేదు.

అయితే పళ్లు కేవలము వయసు మీదపడినందువల్ల ఊడవు. చాలామందికి చిగుళ్లు పాడైనందువల్ల ఊడుతాయి. పంటి మొదట్లో పాచి పేరుకొని గట్టిపడి గార అవుతుంది. చిగురు వాచి, పుల్ల వేసినప్పుడు రక్తము కనిపిస్తుంది. నొప్పి ఉండదు గనుక ఎవరూ పట్టించుకోరు. ఏళ్లు గడిచేసరికి లోపలి ఎముక అరిగి పన్ను కదులుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారికి ఇది మరింత త్వరగా జరుగుతుంది; చిగుళ్ల జబ్బు ముదిరితే చక్కెర అదుపులోకి రావడము కూడ కష్టమే. రక్తపోటుకు వాడే మాత్రలలో కొన్ని నోటిని ఎండబెడతాయి. ఉమ్మి తగ్గిన నోటిలో పళ్లు త్వరగా పుచ్చుతాయి.

ఇది అన్నిచోట్లా ఉన్న సంగతే. మన శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాలలో దీనికి తోడు అడ్డపొగ ఉంది. చుట్టను నిప్పు కొన నోటి లోపలికి పెట్టుకొని కాల్చే ఈ అలవాటు మగవారికంటె మన తల్లులలోనే ఎక్కువ. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోదు, చంకలోని బిడ్డ మీద నిప్పురవ్వ పడదు అని కారణములు చెబుతారు. నిజమే కావచ్చును. గృహదర్శనములలో మేము ఎక్కువసార్లు విన్న కారణము మాత్రము వేరు. "పన్ను సలుపుతుంటే ఇదే మందు బాబూ. ఇది మానీమంటే రాత్రి ఎలాగ పడుకోమంటావు?" అని ఒక మామ్మ మమ్మును అడిగింది.

ఆ ప్రశ్న న్యాయమైనది. పొగాకు సలుపును కొంతసేపు మరపిస్తుంది. చిగురులో రక్తప్రసారము తగ్గించి, రక్తము కారడము కూడ ఆపుతుంది. జబ్బు పోయినట్లు పైకి కనబడుతుంది, లోపల ముదురుతూనే ఉంటుంది. పైగా ఆ వేడి, ఆ పొగ సూటిగా తగిలేది అంగిలికి. అంగిలి ముందు తెల్లగా మందమౌతుంది, దానిలో ఎర్రని చుక్కలు తేలుతాయి. కొందరిలో అది ఎర్రని మచ్చగా, పుండుగా, కేన్సరుగా మారుతుంది.

ఈ సంగతి బయటపడి చాలా కాలమైనది. విశాఖపట్నం ప్రాంతపు అంగిలి కేన్సరును గురించి ఖనోల్కర్, సూర్యాబాయి అను పరిశోధకులు 1945లోనే వ్రాశారు. 1960లలో బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థవారు, డెన్మార్కు దేశస్థుడైన పిండ్‌బోర్గ్ అను దంతవైద్య నిపుణునితో కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెలలో పని చేశారు. (విజయనగరం జిల్లా ఏర్పడినది 1979లో.) అడ్డపొగను గూర్చి 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, ఆ వివరములు 1971లో ప్రకటించారు. తరువాత ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడేవారికి మానమని నచ్చజెబుతూ, ఏటేటా నోళ్లు చూస్తూ వచ్చారు. మానినవారిలో కొత్త మచ్చలు రావడము తగ్గింది. వైద్య గ్రంథములలో మన జిల్లా పేరు ఈ విధముగా ఎక్కడము సంతోషకరమైనది కాదు. గాని మన అమ్మమ్మల నోళ్లు చూసి నేర్చిన సంగతి మన ఇళ్లకే ఇంకా పూర్తిగా చేరలేదు.

బోధకులలో కొందరు అడ్డపొగను పాపముల పట్టీలో చేర్చి ప్రసంగ పీఠము మీద నుండి గద్దిస్తారు. మా అభిప్రాయము వేరు. గద్దింపు విన్న తల్లి చుట్ట మానదు. పెరటిలోకి వెళ్లి కాల్చుకొంటుంది, ఆపైన మన ఎదుట నోరు తెరవదు. తెరవని నోటిలో మచ్చ ఎవరికి కనబడుతుంది? ముందు ఆమె పంటి సలుపు తీరాలి.

పైన చెప్పిన మామ్మను ఆమె కోడలు, మా స్త్రీల సమాజము కార్యదర్శి కలిసి ఆసుపత్రికి తీసుకొని వెళ్లారు. కదులుతున్న రెండు పళ్లు తీశారు. అప్పుడే డాక్టరమ్మ అంగిలి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. కేన్సరు కాదు గాని అటువైపు నడుస్తున్నదని తేలింది. సలుపు పోయినందున చుట్ట విడవడము మామ్మకు కొంత తేలికైనది. కొంతే, మొదటి నెల ఇంటిల్లిపాదినీ తిట్టిందట! చుట్ట మాని గుడాకు పట్టుకొనేవారు ఉన్నారు గనుక అదికూడ వద్దని చెప్పవలసి వచ్చింది.

వేపపుల్ల మంచిదే. కొస మెత్తగా నమిలి, చిగురు ఒరుసుకుపోకుండ తోమాలి. ఇసుక, ఇటుకపొడి, బొగ్గు పంటి పైపొరను అరగదీస్తాయి. రాత్రి పడుకొనే ముందు మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడు ఉన్న పేస్టుతో తోమడము తప్పనిసరి. కట్టుడు పళ్లు రాత్రి తీసి, కడిగి నీళ్లలో ఉంచాలి. ప్రభువు బల్ల దగ్గర రొట్టె నమలలేక దవడన పెట్టుకొనే పెద్దలు ఎవరో కాపరులు గమనించాలి. పళ్లు ఒక్కటీ లేనివారు సహితము నోరు చూపించుకోవాలి. నెలకొకసారి కోడలో, మనవరాలో పగటి వెలుగులో వారి నోరు తెరిపించి చూడండి. తెల్లని మందము, ఎర్రని మచ్చ, కారము తగిలితే మంట, రెండు వారాలైనా మానని పుండు కనిపిస్తే జిల్లా కేంద్రములోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. కేన్సరని తేలినవారికి విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా ఆసుపత్రి ఉంది.

మా స్త్రీల సమాజము వారు కానుకల డబ్బుతో ఒక టార్చిలైటు కొన్నారు. శుక్రవారపు కూడిక ముగిసిన తరువాత, మామ్మ ప్రక్కన కూర్చుండి ధైర్యము చెబుతుండగా, కార్యదర్శి ఒక్కొక్కరి నోరు చూస్తుంది. ఇంతవరకు పదకొండుగురిని చూశారు, ఇద్దరిని ఆసుపత్రికి పంపారు.